విడివేళ్ళ గులాబీలు

ఏటూరునాగారం పరిసరములలో పెరిగిన విద్యార్థులకు టేకు స్టంపును గూర్చి ప్రత్యేకముగ చెప్పనక్కరలేదు. నారుమడిలో ఏడాది పెరిగిన టేకు మొక్కను పెరికి, వేరు మొదటికి పైన రెండు మూడు సెంటీమీటర్ల కాండమును మాత్రమే ఉంచి తక్కినదంతయు నరికివేయుదురు. తల్లివేరును జానెడు పొడవునకు కోసి, పిల్లవేళ్ళను చెక్కివేయుదురు. మిగులునది బొటనవ్రేలంత లావు గల కట్టెముక్క. దానికి ఆకు లేదు, మట్టి లేదు. చూచువారికి ప్రాణమున్నట్లు కూడ తోచదు. అట్టి ముక్కలను కట్టలు కట్టి, తడి గోనెలలో చుట్టి అడవిలోనికి మోసికొనిపోయి, తొలకరి వానకు నేల నానగానే గడ్డపారతో చేసిన కంతలలో దింపుదురు. కొన్ని వారములలో అవి చిగిర్చును. పెద్ద టేకుతోటలు ఎన్నియో ఈ విధముగ లేచినవే.

గులాబీని కూడ ఇట్లు నాటవచ్చునా? యూరపులోను, అమెరికాలోను గులాబీ మొక్కలలో పెద్దభాగము ఇట్లే చేతులు మారును. శీతకాలమున ఆకు రాల్చి నిద్రించుచున్న మొక్కను త్రవ్వితీసి, మట్టి కడిగి, వేళ్ళు సవరించి, మంచు గడ్డకట్టు ఉష్ణోగ్రతకు దగ్గరగా నున్న గిడ్డంగులలో దాచి, వసంతమునకు ముందు టపాలో పంపుదురు. మట్టితో కూడిన కుండీ మొక్క అయిదారు కిలోలు తూగినచో ఇట్టి మొక్క అరకిలోకు మించదు. కావున రవాణా ఖర్చు స్వల్పము; కొనువానికి వేళ్ళు కనబడును గనుక మోసమునకును తావు తక్కువ.

పేరును గూర్చి ఒక మాట. నర్సరీలవారు దీనిని బేర్‌రూట్ మొక్క అందురు. వట్టి వేరు మొక్క యని తెలుగు చేయుదమన్న, ఎండాకాలపు తడికలకు వాడు వట్టివేరు అడ్డువచ్చుచున్నది. అందుచేత ఈ వ్యాసమున విడివేళ్ళ మొక్క యని వ్యవహరింతము.

ఈ ప్రశ్నకు ఏటూరునాగారంలో ఒక ప్రత్యేకమైన పదును కలదు. చిరకాలము వరంగల్లు జిల్లాలో నుండి, 2019 నుండి ములుగు జిల్లాలో చేరిన ఈ ఊరు గోదావరికి చేరువనున్నది. చుట్టును టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు గల అభయారణ్యము. సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఇచటనే పనిచేయుచున్నది. చుట్టుపట్ల గ్రామములలో ఆశ్రమ పాఠశాలలు కలవు. పాఠశాలకు పూలతోట ఉండవలెనని కోరని ఉపాధ్యాయుడుండడు. వానకాలమున నాటుట, చలికాలమున పూచుట, ఏప్రిలు చివరి వారమున సెలవులిచ్చి తాళము వేయుట, జూను రెండవ వారమున తలుపు తీయునప్పటికి ఎండుకట్టెలు మిగులుట - ఈ వరుస ఎందరికో అనుభవమే. గోదావరి లోయలో మే నెలలో 45 డిగ్రీలు తాకు దినములు అరుదు కావు. అమెరికాలో తక్కువ పోషణ గులాబీ యనిన మందులు చల్లకున్నను తెగులు పట్టనిది, గడ్డకట్టు చలికి చావనిది అని అర్థము. మనకు మాత్రము ఏడు వారములు యజమాని లేకయే బ్రతుకునది అని అర్థము. ఈ రెండును ఒకటి కావు. పరదేశపు జాబితాలలోని పొగడ్తలను చదువునప్పుడు ఈ భేదమును మరువరాదు.

మట్టి విడిచిన వేరులో ఏమి జరుగును?

నేలలోని నీటిని పీల్చునవి కంటికి కనబడు లావు వేళ్ళు కావు. లేతవేళ్ళ కొనలకు కొంచెము వెనుకగా మొలచు మూలకేశములే అందులో ముఖ్యమైనవి. ఒక్కొక్క కేశము ఒక్క కణము యొక్క పొడుగు మాత్రమే. దాని ఆయువు కొన్ని దినములు, మహా అయిన కొన్ని వారములు. మొక్కను పెరికినప్పుడు ఇవి దాదాపుగా అన్నియు మట్టితోనే తెగిపోవును. ఇక మొక్కకు నీటి ఆదాయము లేదు, వ్యయము మాత్రము మిగులును. ఆకులున్నచో వాని రంధ్రముల గుండ నీరు ఆవిరి యగుచుండును. ఆకులు లేకున్నను బెరడు గుండ, కోతల గుండ కొంత పోవుచునే యుండును. విడివేళ్ళ మొక్కకు ఆకులు తీసివేయుట, కొమ్మలు కురచ చేయుట, తడి గోనె చుట్టుట - ఇవన్నియు ఖర్చు తగ్గించు ఉపాయములే.

మరి బ్రతుకు దేనిపైన? నిలువ చేసిన పిండిపదార్థము పైన. టేకు స్టంపులో లావైన తల్లివేరు ఆ ధనాగారము. గులాబీకి అట్టి దుంపవేరు లేదు. దాని నిలువ కొంత వేళ్ళలో, కొంత కొమ్మలలో ఉండును. కనుక టేకును నరికినట్లు గులాబీని మొదలంట నరుకరాదు. మూడు నాలుగు బలమైన కొమ్మలను, ఒక్కొక్కదానికి మూడు నాలుగు కన్నులుండునట్లు ఉంచవలెను. అనగా జానెడు పొడవు.

ఈ నిలువతో మొక్క రెండు పనులు చేయవలెను: పైన చిగురు, క్రింద క్రొత్త వేరు. మేల్కొను మొగ్గలనుండి ఆక్సిన్ అను హార్మోను క్రిందికి ప్రవహించి కోసిన చోట్ల చేరును. అది అచటి జీవకణములను విభజించి వేళ్ళుగా మారునట్లు ప్రేరేపించును. అనుకూలమైన వెచ్చదనమున్న నేలలో క్రొత్త వేళ్ళును, వానిపై కేశములును ఏర్పడుటకు సుమారు రెండు మూడు వారములు పట్టును. గాలి వేడిగా నున్నచో చిగురు వేరుకంటె ముందుగా పరుగెత్తును. పదవ దినమున ఎర్రని చిగుళ్ళు చూచి మురిసిపోయిన తోటమాలి ఇరువదవ దినమున అవి వ్రాలిపోవుట చూచి తెగులనుకొనును. అది తెగులు కాదు. కొమ్మలోని నిలువతో మాత్రమే వచ్చిన దొంగ చిగురు అది. క్రింద వేరు లేదు. కూజాలో నీటిలో పెట్టిన కొమ్మ కూడ చిగుర్చును గదా!

దీనినిబట్టి నాటు కాలము తేలుచున్నది. నేల వెచ్చగను, గాలి చల్లగను ఉన్నచో వేరు ముందు నడుచును. మన ప్రాంతమున వానలు వెనుదిరిగిన పిమ్మట అక్టోబరు రెండవ పక్షము మొదలు నవంబరు చివరివరకు అట్టి కాలము. వేసవికి ముందు ఇంకను నాలుగు నెలలు మిగిలియుండును. టేకునకు తొలకరి మేలు. ఏలయన అది అడవిలో ఎవరును నీరు పోయక పెరుగవలసినది. గులాబీని జూలైలో నాటినను బ్రతుకును గాని, ముసురు వానలలో నీరు నిలిచి లేతవేరు కుళ్ళు భయమున్నది. మార్చిలో విడివేళ్ళ మొక్కను నాటుట డబ్బు పారవేయుటయే.

టపాలో వచ్చు మొక్క - ఒక లెక్క

చల్లని గిడ్డంగిలో నెలల తరబడి నిలిచిన మొక్క మన చేతికి వచ్చునప్పటికి ఏల వాడిపోవుచున్నది? విద్యార్థులు చేయదగిన లెక్క ఇది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన కొలది శ్వాసక్రియ వేగము సుమారు రెట్టింపగునని మోటుగా అనుకొనవచ్చును. 2 డిగ్రీల గదినుండి 32 డిగ్రీల లారీలోనికి వచ్చిన మొక్కలో అది రెండు, నాలుగు, ఎనిమిది రెట్లగును. అనగా గిడ్డంగిలో ఎనిమిది దినములకు సరిపడు నిలువ త్రోవలో ఒక్క దినమున కరగిపోవును. ఎండిపోవుట ఇంకొక వైపు. 2 డిగ్రీలవద్ద సంతృప్త నీటియావిరి పీడనము సుమారు 5.3 మిల్లీమీటర్లు, 32 డిగ్రీలవద్ద సుమారు 35.7 మిల్లీమీటర్లు. సాపేక్షార్ద్రత రెండు చోట్లను ఒకటే యనుకొన్నను, గాలి నీటిని లాగు శక్తి దాదాపు ఏడు రెట్లు పెరిగినది. అయిదు దినముల ప్రయాణము మొక్కకు నెల దినముల ఉపవాసముతో సమానమని గ్రహింపవచ్చును.

అదిగాక నిద్రలోను తరతమ భేదములున్నవి. టేకు మన ఎండాకాలమున నిండుగ నిద్రించును. శీతలదేశపు అడవి గులాబీలు చలికి గాఢముగ నిద్రించును. నేటి తోట గులాబీలలో చాలవరకు చీనాదేశపు గులాబీ రక్తము కలదు. దానికి నిద్ర పలుచన. ఏడాది పొడవున పూచు గుణము కూడ ఆ చీనా గులాబీదే. దీని కారణమును ఇటీవల అణుజీవశాస్త్రజ్ఞులు కనుగొనిరి. పూత రాకుండ కొమ్మను అదుపులో నుంచు జన్యువొకటి గులాబీలో ఉన్నది, దానికి కె.ఎస్.ఎన్. అని పేరు. ఒకానొకప్పుడు చోటు మారు డి.ఎన్.ఏ. ముక్క యొకటి వచ్చి ఆ జన్యువు నడుమ దూరినది. అదుపు తప్పినది. ప్రతి క్రొత్త కొమ్మయు పూవుతో ముగియసాగినది. మనము నిరంతరము గులాబీలు కోసికొనుచున్నామనిన అది ఒక చెడిన జన్యువు చలవ!

ఎట్టి గులాబీ?

గులాబీ జాతులు నూటయేబదికి అటునిటుగ ఉన్నవి. అన్నియు భూమధ్యరేఖకు ఉత్తరమున పుట్టినవే. అందులో మన మైదానముల వేడికి సహజముగ అలవాటుపడినది రోజా క్లైనోఫిల్లా. బీహారు, బెంగాలు ప్రాంతముల తడినేలలలో పెరుగును. గులాబీ యనిన చల్లని దేశపు పూవని తలచువారికి ఇది చక్కని సమాధానము. ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసి, తరువాత కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ గారు ఈ క్లైనోఫిల్లాను, మణిపురపు కొండలలోని రోజా జైగాంటియాను ఉపయోగించి, వేడిదేశములకు తగిన సంకరజాతులను సృష్టించుటకు దశాబ్దములుగా కృషిచేసిరి. పరదేశపు గులాబీని మన ఎండకు బలవంతముగ ఒప్పించుటకంటె, ఎండనెరిగిన గులాబీనుండి బయలుదేరుట మేలన్నది వారి మార్గము. ఈ రచయితకును అదియే సమంజసమని తోచుచున్నది.

అంతకు ముందు బి.పి. పాల్ గారు (1906-1989) ఢిల్లీలో ఎన్నో భారతీయ గులాబీలను పుట్టించిరి. తుప్పుతెగులును తట్టుకొను గోధుమలను సృష్టించి, 1965లో భారత వ్యవసాయ పరిశోధన మండలికి తొలి డైరెక్టర్ జనరల్ అయిన శాస్త్రజ్ఞుడే గులాబీపై ఒక గ్రంథమును కూడ వ్రాసెను. గోధుమకు తెగులు తట్టుకొను శక్తి ఎంత ముఖ్యమో గులాబీకిని అంతే.

అమెరికాలో తక్కువ పోషణ గులాబీలకు గొప్ప ప్రచారము తెచ్చినది నాకౌట్ అను పొదగులాబీ. విలియం రాడ్లర్ అను ఆయన దీనిని సృష్టించెను. 2000లో అమ్మకమునకు వచ్చినది. నల్లమచ్చ తెగులును గట్టిగ తట్టుకొనుటయే దాని కీర్తికి మూలము. అది వీధి వీధికి వ్యాపించిన మీదట రోజ్ రోజెట్ అను వైరసు వ్యాధి - కంటికి కనబడని నల్లులు మోయునది - దానిని కూడ విడువలేదు. ఒక తెగులును జయించిన మొక్క అన్ని తెగుళ్ళను జయించినట్లు కాదు. ఒకే రకమును అంతటను నాటుట ఎప్పుడును ప్రమాదమే.

మన పాఠశాలకు మాత్రము పేరుగొప్ప రకములకంటె రెండు పాతకాపులు ఎన్నదగినవి.

మొదటిది దక్షిణభారతమున అంట్లకు వేరుమూలముగా వాడు ఎడ్వర్డ్ గులాబీ. దీని కథ చిత్రమైనది. హిందూమహాసముద్రములోని బూర్బన్ దీవిలో - దానినే నేడు రియూనియన్ అందురు - రైతులు తమ చేలకు గులాబీలతో కంచెలు వేసెడివారు. ఒకటి చీనా గులాబీ, మరొకటి డమాస్కు గులాబీ. ఆ రెండును కంచెలో తమంతట తామే సంకరమై పుట్టినదే ఈ జాతి. 1820 ప్రాంతమున దాని విత్తనములు ప్యారిస్ చేరి, అచట బూర్బన్ గులాబీల వంశమునకు మూలమయ్యెను. తోటమాలి చేతిలో కాక కంచెలో పుట్టినది గనుక మొండితనము దాని స్వభావము. గులాబిరంగు, మంచి వాసన.

రెండవది గ్రూస్ ఆన్ టెప్లిట్జ్. ఆస్ట్రియా-హంగరీలో రుడోల్ఫ్ గెష్విండ్ పుట్టించగా 1897లో వెలువడినది. పేరు పలుకుట కష్టము గాని మొక్కను పెంచుట సులభము. ముదురెరుపు, గుత్తులుగ పూచును, గాఢమైన పరిమళము. ఉత్తరభారతమున కంచెలకును దండలకును విస్తారముగ పెంచుదురు. పూవు మెడ వంగును. పోటీల బల్లపై నిలువదు. పాఠశాల ఆవరణలో ఎవరును బహుమతి లెక్కలు వేయరు గదా.

ఈ రెండును కొమ్మముక్కలనుండి సులభముగ వేళ్ళూనును. ఇది చాల ముఖ్యము. అంగడిలో కొను మొక్కలు ఎక్కువగా కన్ను అంటుకట్టినవి; పైది ఒక రకము, క్రిందిది మరొక రకము. వేసవిలో పైభాగము చచ్చి వేరుమూలము చిగిర్చినప్పుడు ‘మా ఎర్రగులాబీ తెల్లబోయి గులాబిరంగుకు మారినది’ అని చెప్పువారిని చూచుచుందుము. రంగు మారలేదు, మొక్కయే మారినది. క్రిందినుండి వచ్చు అట్టి పిలకలను మట్టి త్రవ్వి, పుట్టిన చోటనే పీకివేయవలెను. పైకి కత్తిరించిన ఒకటికి నాలుగు వచ్చును. సొంతవేరు మొక్కకు ఈ బాధ లేదు. ఎండకు పైన చచ్చినను వానకు మొదటినుండి చిగిర్చి అదే పూవు పూయును. ఏడు వారములు దిక్కులేని తోటకు సొంతవేరే శరణ్యము.

మన ఊరిలోనే విడివేళ్ళ మొక్క

దూరదేశపు విడివేళ్ళ మొక్కను తెప్పించుటకంటె, మన ఊరిలోనే తయారుచేసికొనుట మేలని పై లెక్కలవలన స్పష్టము. జూలైలో, లేక అక్టోబరు కత్తిరింపులో వచ్చిన కొమ్మలలో, పూచి రాలిన పెన్సిలంత లావు కొమ్మలను జానెడు ముక్కలుగ కోయవలెను. క్రింది కోత కన్నుకు దిగువగను, పై కోత కన్నుకు ఎగువగ ఏటవాలుగను ఉండవలెను. ఇసుక కలిసిన మడిలో మూడింట రెండువంతులు మునుగునట్లు గ్రుచ్చి, నీడ కల్పించి తడి ఆరకుండ చూచిన చాలును. ఆ మొక్కలను మరుసటి సంవత్సరము అక్టోబరు లేక నవంబరు వరకు మడిలోనే పెంచవలెను. త్రవ్వుటకు పదిదినములు ముందు నీరు తగ్గించి, ఆకులు దూసివేసిన, మన ఎండదేశమున రాని నిద్రను కొంతవరకు మనమే తెప్పించినట్లగును. సాయంకాలము త్రవ్వి, మట్టి దులిపి, తడిగోనెలో చుట్టి అదే సంజెలో నాటిన మొక్కకు ఉపవాసమే లేదు. ప్రక్క ఊరి పాఠశాలకు పంపవలెనన్నను ఒక్క సంచిలో ఇరువది మొక్కలు పట్టును. బస్సులో ఒడిలో పెట్టుకొని పోవచ్చును.

ఎవరైన దూరమునుండి తెప్పించినచో, కట్ట రాగానే విప్పి చూడవలెను. గోటితో బెరడును గీరిన లోపల పచ్చగను తడిగను ఉండిన ప్రాణమున్నట్లు. గోధుమరంగుగ పొడిగ నుండిన లేనట్లు. వేళ్ళను రాత్రి యంతయు, అనగా ఎనిమిది మొదలు పండ్రెండు గంటలు నీటిలో నానబెట్టవలెను. ఒక దినమునకు మించరాదు. నీటిలో ప్రాణవాయువు చాలక వేరు ఉక్కిరిబిక్కిరియగును. విరిగినవానిని, నల్లబడినవానిని పదునైన కత్తితో తీసివేయవలెను.

గొయ్యి నిడివి, వెడల్పు, లోతు మూడును 45 సెంటీమీటర్లు చాలును. దానిని ముందుగనే త్రవ్వి రెండు మూడు వారములు ఎండనిచ్చుట మంచిది. ఏటూరునాగారంలో ఏటి ఒండ్రు ఇసుకనేలలు, ఎర్రచెల్కలు, అచ్చటచ్చట నల్లరేగడులు కలవు. ఇసుకకు పశువులయెరువే మందు. గొయ్యికి ఎనిమిది పది కిలోలు బాగుగ చివికినది కలుపవలెను. పచ్చిపేడ పనికిరాదు, అది చెదలను పిలుచును. చెదలు అడవిప్రాంతమున గులాబీకి ప్రధానశత్రువు. గొయ్యికి గుప్పెడు రెండు గుప్పెళ్ళు వేపపిండి చల్లుట ఆచారమైన రక్ష. రేగడిలో నీరు నిలుచును. అచట నేలను జానెడు ఎత్తుచేసి నాటవలెను. సున్నము ఎక్కువైన నేలలో ఇనుము అందక లేతాకులు ఈనెలు మాత్రము పచ్చగ నుండి పసుపుబారును. దానిని నీటికొరత యని పొరబడరాదు.

గొయ్యి నడుమ మట్టిని చిన్న కుప్పగ పోసి, దానిపై మొక్కను కూర్చుండబెట్టి, వేళ్ళను గొడుగు ఊచలవలె చుట్టును పరచవలెను. వేళ్ళను గుత్తిగ మడిచి క్రుక్కుట పలువురు చేయు పని. మడిచిన వేరు మడిచినట్లే పెరుగును. మట్టి నింపుచు కాలితో మెత్తగ అదిమి, గాలి సందులు లేకుండ చేసి, బాల్చెడు నీరు పోయవలెను. అంటుమొక్క అయినచో అంటుముడి నేలకు రెండంగుళములు పైన నుండవలెను. శీతలదేశపు పుస్తకములు దానిని నేలలో పాతుమని చెప్పును. అది మంచునుండి కాపాడుటకు. మనము మంచునకు భయపడనక్కరలేదు. అటుపిమ్మట మిగిలిన మట్టిని కొమ్మల చుట్టును గుట్టగ పోసి, చిగురు కనబడువరకు, సుమారు రెండు వారములు ఉంచి తరువాత మెల్లగ తీసివేయవలెను. కొమ్మ ఎండకుండ కాపాడి దొంగ చిగురును అరికట్టు ఉపాయము ఇది. పడమటి ఎండకు ఒక తాటాకు గ్రుచ్చిన మరియు మంచిది. మొదటి రెండు నెలలలో వచ్చు మొగ్గలను నిర్దాక్షిణ్యముగ గిల్లివేయవలెను. విద్యార్థులు ఒప్పుకొనరు గాని వేరుకు పోవలసిన ఆహారము పూవుకు పోరాదు.

సెలవుల లెక్క

పొదకు పొదకు నడుమ మీటరు దూరమున్నను, ఒక చిన్న పొద 60 సెంటీమీటర్ల చదరపు నేలనుండి నీరు వాడుననుకొందము. వైశాల్యము 0.36 చదరపు మీటర్లు. మండువేసవిలో రోజునకు 6 మిల్లీమీటర్ల నీరు ఆవిరియైనచో - చదరపు మీటరుకు మిల్లీమీటరు ఒక లీటరు గనుక - పొదకు రోజునకు రెండు లీటర్లకు కొంచెము మించును. 49 దినముల సెలవులకు నూరు లీటర్లు దాటుచున్నది. 60 సెంటీమీటర్ల లోతు వరకు వేళ్ళు పోయిననుకొనిన, ఆ మట్టి 0.216 ఘనపు మీటర్లు, అనగా 216 లీటర్లు. మొక్కకు అందు నీరు ఇసుకనేలలో ఉరమరగా నూటికి 8 వంతులు: 17 లీటర్లు. మంచి రేగడిలో నూటికి 20 వంతులు: 43 లీటర్లు. ఇసుకలో పొద ఎనిమిది దినములు, రేగడిలో ఇరువది దినములు నిలుచునన్నమాట. ఎంత మొండి గులాబీయైనను ఈ లెక్కను తప్పించుకొనలేదు. కాబట్టి ‘నీరక్కరలేని గులాబీ’ యని ఎవరైన అమ్మజూపినచో నమ్మవలదు.

లెక్కను మార్చు మార్గములు మూడు కలవు. మొదటిది ఖర్చు తగ్గించుట. ఫిబ్రవరి, మార్చి నెలలలో రాలిన టేకాకులు ఏటూరునాగారంలో కొదువలేవు. వానిని పొద మొదట నాలుగంగుళముల మందమున పరచిన నేలనుండి ఆవిరి చాలవరకు ఆగును. కాండమును తాకకుండ జానెడు ఖాళీ విడువవలెను. లేకున్న చెదలు ఆకును తినుచు తినుచు బెరడును కూడ తినును. ఎండాకుల కుప్పకు నిప్పు భయము కూడ కలదు గనుక పైన పలుచగ మట్టి చల్లుట మంచిది. రెండవది వేరును లోతునకు పంపుట. చలికాలమున రోజును చెంబెడు పోయుటకంటె వారమునకొకసారి రెండు బాల్చీలు పోసిన వేరు తడిని వెదకుకొనుచు క్రిందికి దిగును. మార్చినుండి ఎరువు వేయరాదు, కత్తిరింపరాదు. లేతచిగురు ఎండాకాలమున మోయలేని అప్పు. ఆకులు కొన్ని రాలి పొద చిన్నబోయినను కంగారుపడవలదు. మూడవది కుండ. మెరుగు పూయని పది లీటర్ల మట్టికుండను పొద ప్రక్కన మెడవరకు పాతి, నీరు నింపి మూత వేసిన, నీరు కుండ గోడల గుండ ఊరి వేరుకు మాత్రమే అందును. చుట్టు నేల ఎండినకొలది ఊట హెచ్చును, తడిసియున్న తగ్గును. సెలవులలో కావలి యుండు మనిషి వారమునకు రెండుసార్లు కుండలు నింపిన చాలును. పది పొదలకు ఇది అరగంట పని. రోజును పైపుతో తడుపుమని చెప్పిన ఎవరును తడుపరు, ఇది చేయుదురు.

తెగుళ్ళను గూర్చి కొద్దిగ చెప్పిన చాలును. నల్లమచ్చ తెగులు బీజములు మొలకెత్తుటకు ఆకు సుమారు ఏడు గంటలు ఎడతెగక తడిసియుండవలెను. కావున నీరు ఉదయమున, మొదటనే పోయవలెను. పొదలను చిక్కముగ నాటరాదు. శ్రావణ భాద్రపదములలో కొన్ని ఆకులు మచ్చపడి రాలినను పొదగులాబీ తట్టుకొనును. రాలినవానిని ఏరి కాల్చవలెను. కొమ్మ కొననుండి నల్లబడుచు క్రిందికి ఎండివచ్చు తెగులు మాత్రము ఉపేక్షింపదగినది కాదు. పచ్చని భాగము వరకు కోసి, నూరు గ్రాముల మైలుతుత్తము, నూరు గ్రాముల సున్నము, లీటరు నీరు కలిపిన బోర్డో ముద్దను పూయవలెను. పొదగులాబీకి అక్టోబరులో మూడవవంతు ఎత్తు కత్తిరించుటకంటె వేరు పని లేదు. కత్తిరించిన ఆరేడు వారములకు పూవు వచ్చును.

గులాబీ ముండ్లను నమ్మి కంచె మానరాదు. అవి నిజమైన ముండ్లు కావు. బెరడు పైపొరనుండి లేచిన కొక్కెములు మాత్రమే, వ్రేలితో ప్రక్కకు నెట్టిన ఊడివచ్చును. నిమ్మ, మారేడు ముల్లు అట్లు ఊడదు, అది కాండము మార్పుచెందినది గనుక. మేకకు ఈ భేదముతో పనిలేదు. అది రెంటిని తినును. వెదురుతడిక కట్టవలెను.

వృక్షశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులకు ఒక ప్రయోగము సూచింపవచ్చును. సమానమైన నాలుగు గులాబీ కొమ్మలు తీసికొనవలెను. ఒకటి ఆకులతో, ఒకటి ఆకులు దూసి, ఒకటి ఆకులు దూసి తడిగుడ్డలో చుట్టి, ఒకటి ఆకులు దూసి, పొడిగ ప్లాస్టిక్ సంచిలో కట్టి గది నీడలో ఉంచవలెను. ప్రయోగశాల త్రాసులో గంటకొకసారి తూచి, మొదటి తూకములో నూటికి ఎన్ని వంతులు తగ్గినదో గీతపటముగ గీయవలెను. తడిగుడ్డ కొమ్మను తూచునప్పుడు గుడ్డ విప్పి, తడి అద్దవలెను. మరునాడు నాలుగింటిని నాటి, గుర్తుపలక గ్రుచ్చి, మూడు వారముల పిమ్మట పెరికి వేళ్ళు లెక్కింపవలెను. వీలైన ప్రక్కనే ఒక టేకు స్టంపును కూడ నాటి, దేనికి చిగురు ముందు, దేనికి వేరు ముందు వచ్చినదో పుస్తకమున వ్రాసికొనవలెను.